ఒడ్డు నవ్విన పొద్దు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒకే ఒక్క మాటతో ఇద్దరు ఆడపిల్లల ప్రాణాలు కాపాడిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, చెప్పుకునేవాళ్ళ నోటికి నేను తాళం వేయలేను. కానీ ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. ఆ పొద్దు వాగు ఒడ్డు కింద బోర్లా పడుకుని మట్టి గీకుతున్నది నేను. అది అలా జరగలేదని చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

ఈ కథను అందరికంటే రసవత్తరంగా చెప్పేది మా తమ్ముడు. నా మట్టిపని షెడ్డు చూడటానికి ఎవరైనా వస్తే చాలు, నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు మొదలుపెట్టేస్తాడు. ఆ రోజే మా అక్కకు మట్టి మీద ప్రేమ పుట్టిందండీ అని ముగిస్తాడు. వచ్చినవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని నావైపు చూస్తారు. వాడు అప్పటికి ఉయ్యాల దిగలేదు. ఉయ్యాల్లోంచే అంతా చూశాడు కాబోలు. ప్రేమట! ఆ రోజు నాకు పుట్టింది భయం. యాభై దాటిన ఈ వయసులో కూడా అది పొద్దున్నే నాతోపాటు లేస్తుంది, నాతోపాటు మట్టి తొక్కుతుంది, నేను కుండ మూతికి వేలు ఆనించినప్పుడు నా వేలి కిందే ఉంటుంది.

మా ఊరు టేకులపల్లి దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఇటు పత్తి, మిరప. అటు టేకు, తునికి, ఇప్ప. మధ్యలో వాగు. మాది కుండలు చేసే ఇల్లు. మా తాతయ్య సారె తిప్పేవాడు, నాయనమ్మ మట్టి చూసేది. ఎక్కడ తవ్వాలి, ఎంత ఇసుక కలపాలి, ఏ మట్టి మంటకు ఆగుతుంది, అదంతా ఆమె లెక్క. ఆమె నోటికి ఊరంతా జడిసేది. ఏన్కూరు సంతలో ఆమె దగ్గర కుండ బేరమాడినవాళ్ళు రెండోసారి బేరమాడేవాళ్ళు కాదు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. మంచిగా ఉన్న రోజు 'ఓ పోరీ', లేని రోజు 'ముదనష్టపుదానా'. ఆ నోరే నాకు వచ్చిందని మా అత్తగారింట్లో అంటూ ఉంటారు. పొలమూ బంగారమూ ఎలాగూ రాలేదు, నోరైనా రాకపోతే ఎట్లా?

అంత నోరున్న మనిషి ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనేది కాదు. 'పగిలింది' అనే మాట. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. పోతూ పోతూ వస్తానంటాం. చెడు నోటితో అంటే జరిగి కూర్చుంటుందని మనవాళ్ళ భయం. అలాగే మా ఇంట్లో కుండ పగిలితే 'నవ్వింది' అనాలి. ఎండలో బీట వేసినా, సారె మీద చీలినా, ఆవంలో, అంటే మేం కుండలు కాల్చే బట్టీలో, టప్పుమని పేలినా నవ్వింది అనే అనాలి. ఆవం విప్పిన పొద్దున ఊదరలో కళ్ళు నలుపుకుంటూ ఆమె మొదట అడిగేది, ఈసారి ఎన్ని నవ్వినయే అని. మా అమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడు, ఆవం ముందు నిలబడి 'అయ్యో, పగిలింది' అన్నదట. ఆ పూట ఆమెకు అన్నం పెట్టారు గానీ ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదట. నేనైతే మాటలు నేర్చే వయసులోనే ఆ మాట అని మూతి మీద తిన్నాను. ఆ దెబ్బతో ఆ మాట నా నాలుక మీదికి రావడం మానేసింది. అది ఉండాల్సిన చోట ఇంకో మాట వచ్చి కూర్చుంది.

దీనివల్ల నాకొక పిచ్చి పట్టుకుంది. ఎవరైనా మరీ ఎక్కువగా నవ్వుతుంటే, లోపల ఎక్కడో బీట పడుతోందేమోనని వాళ్ళ మొహం పట్టి పట్టి చూసేదాన్ని. పక్కింటి అక్క అంటే అందుకే నాకు ఎంత ఇష్టమో అంత భయం. ఆమె దేనికైనా నవ్వేది. మేక తుమ్మితే నవ్వేది, తను జారిపడ్డా నవ్వేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్నకు బొగ్గుబాయిలో పని. ఎక్కడో కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా పక్కిల్లు కిరాయికి తీసుకున్నారు. సాయంత్రం ఆయన సైకిలు బెల్లు వినపడేదాకా వాళ్ళమ్మ గుమ్మం వదిలేది కాదు. వినపడగానే ఏమీ ఎరగనట్టు లోపలికి పోయి పొయ్యి ఊదేది. వాళ్ళింట్లోనూ భయం ఉంది. కాకపోతే దాని మాటలు వేరు. రూఫ్ అంటే గని కప్పు కూలడం, ఇంకా గ్యాస్, సైరన్. మా ఇంటి భయానికి ఉన్న మాటలు వాళ్ళకు తెలియవు, వాళ్ళ భయానికి ఉన్న మాటలు మాకు తెలియవు. మధ్యలో ఉన్నది ఒక్క ముళ్ళదడే.

మా మట్టి వాగు ఒడ్డున దొరికేది. ఇప్పటికీ అక్కడే దొరుకుతుంది. పైన మనిషి ఎత్తున ఎర్రటి మొరం, అంటే గరుకు గులకమట్టి, దాని కింద నల్లటి జిగటమట్టి పొర. వేలితో తీస్తే వెన్నలా వస్తుంది. వాగు ఎండిన రోజుల్లో ఏటా అక్కడే తవ్వేవాళ్ళు. పైనున్న మొరం అంతా తీసి కిందికి రావాలంటే నడుములు పోతాయి. పక్కనుంచి పొర వెంట తొలుచుకుంటూ లోపలికి పోవడం సులువు. అలా ఎన్ని తరాలు తొలిచారో గానీ, ఒడ్డు కింద ఒక బొరియ తయారైంది. నోరు ఇరుకు, లోపల వెడల్పు. పెద్దవాళ్ళ భుజాలు పట్టవు. అందుకని పిల్లల్ని పంపేవాళ్ళు. ఈ ముక్క మా తమ్ముడి కథలో ఉండదు. మా నాన్న చిన్నప్పుడు దూరాడు, మా మేనత్త దూరింది, వాళ్ళకేం కాలేదు కాబట్టి నేనూ దూరాలి. మేమందరం దూరినోళ్ళమే, మాకేమైంది అనేవాళ్ళు. ఏమీ కానంతకాలం లోకంలో అందరూ అనేది అదే.

ఆ పొద్దు మేం ముగ్గురం బయల్దేరాం. నాయనమ్మ, నేను, పక్కింటి అక్క. వాళ్ళమ్మకు కొత్త పొయ్యి వేసుకోవడానికి మట్టి కావాలి. నాయనమ్మకు అక్కను తీసుకుపోవడం ఇష్టం లేదు.

"నీకెందుకే? మీ నాయినకు తెలిస్తే తిడతడు."

"మా నాయిన రోజూ భూమి లోపట్కే పోతడు గదనే అవ్వా! నేను ఒడ్డు కిందికి పోతే ఏమైతది?" అని అక్క పగలబడి నవ్వింది.

ఇప్పపూలు రాలే రోజులు. ఆ పూల వాసనకు గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, వాగు దాకా దిగుతుందని చెప్పి నాయనమ్మ మమ్మల్ని దారి పొడవునా బెదిరిస్తూనే ఉంది. గుడ్డెలుగు మనిషిని చంపదట, మొహం మాత్రం పీకుతుందట. నేను అడుగడుక్కీ చెట్ల మొదళ్ళు చూసుకుంటూ, ప్రతి నల్ల మోడూ కదులుతోందనుకుంటూ, నాయనమ్మ కొంగు పట్టుకుని నడిచాను. వాగులో దిగి బొరియలోకి దూరగానే, అమ్మయ్య, ఇక ఏమీ చేయలేదు అనుకున్నాను. దాక్కోవడానికి మంచి చోటు దొరికిందని సంతోషపడ్డాను.

లోపల చల్లగా ఉండేది. పైనుంచి వేళ్ళు వెంట్రుకల్లా వేలాడేవి. నేను బోర్లా పడుకుని పాత కుండపెంకుతో మట్టి గీకి, ముద్దలు చేసి వెనక్కి దొర్లించేదాన్ని. బొరియ నోటి దగ్గర అక్క ముడుచుకు కూర్చుని, ఆ ముద్దలు గంపలో సర్దేది. కప్పు అంచు ఆమె తలకు ఆనీ ఆననట్టు ఉంది. ఆమె కూర్చుంటే వెలుతురు సగం ఆగిపోయేది. నాయనమ్మ ఒడ్డు పైకి ఎక్కి, గంపల మీద కప్పడానికి మోదుగాకులు కోస్తోంది. ఆమె అడుగులు నా నెత్తి మీదే దబ్ దబ్ మంటుంటే, మా ఇంటి మిద్దె మీద ఎవరో నడుస్తున్నట్టు ధైర్యంగా ఉండేది.

ఆ అడుగులు ఆగిపోయాయి.

నా మెడ మీద చిటికెడు మట్టి రాలింది. చేత్తో దులుపుకున్నాను. పైన చప్పుడు లేదు. ఆకు కోస్తున్న చప్పుడు లేదు, తిట్టు లేదు, దగ్గు లేదు. మా నాయనమ్మ ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అప్పుడొక గొంతు వచ్చింది. అది ఆమె గొంతేనని నమ్మడానికి నాకు కొంచెంసేపు పట్టింది. పాలు తాగే పిల్లను జోకొట్టే గొంతు.

"బిడ్డా. ఒడ్డు నవ్వుతాంది."

అంతే. రమ్మని కూడా అనలేదు.

ఒడ్డు మాట తర్వాత. ముందు ఆమె నన్ను 'బిడ్డా' అంది. తిట్టే మనిషి ముద్దుగా పిలిస్తే ఎంత భయమో, తిట్లలో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆ రెండో మాట నాలోపలికి దిగింది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నా వీపు మీదున్న మొరం అంతా, దాని మీదున్న గడ్డి, చెట్టు, నాయనమ్మ, అన్నీ కలిపి ఒక పెద్ద కుండ, అది బీట వేసింది. నేను దాని కింద ఉన్నాను.

పెంకు వదిలేశాను. గోడకు మోచెయ్యి తగలకుండా మెల్లగా వెనక్కి తిరిగాను. ఊపిరి పీలిస్తే నా వీపు కప్పుకు తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. అక్క మోకాలికీ గోడకూ మధ్య ఉన్న సందులోంచి పిల్లిలా జారి బయట ఇసుకలో పడ్డాను. లేచి అక్క చెయ్యి పట్టుకుని గుంజాను.

"అక్కా, రా. నవ్విందంట. రా."

"ఎవలు నవ్విండ్రే?"

"నవ్విందంట అక్కా! రావే!"

"ముసలవ్వ నవ్విందా? గా మొఖం గూడ నవ్వుతదా!" అని అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి నా చేతిలో ఉంది. ఇంకో చేత్తో చివరి ముద్ద గంపలో పెడుతోంది. నేను ఇంకో మాట కోసం నోరు తెరిచాను. మామూలు మాట, లోకంలో అందరూ అనే మాట, ఆమెకు తెలిసే మాట. నా నోట్లో అది లేదు. ఎంత వెతికినా లేదు. గుంజడం ఒక్కటే మిగిలింది. గుంజాను. అక్క నవ్వుతూనే సగం లేచింది.

ఒడ్డు పడినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. బండి మీంచి బస్తా దించినట్టు, అంతే. ఎర్రటి దుమ్ము. దుమ్ము తగ్గేసరికి బొరియ లేదు, గంప లేదు. అక్క రొమ్ముల దాకా మట్టిలో ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. నోరు ఇంకా నవ్వుతున్నట్టే తెరుచుకుని ఉంది గానీ, దాంట్లోంచి గాలి రావడం లేదు, పోవడం లేదు.

నాయనమ్మ పైనుంచి జారుకుంటూ వచ్చి పడింది. గడ్డపార ముట్టలేదు. చేతులతో తవ్వింది. ముందు రొమ్ముల మీది మట్టి లాగేసింది, అక్క కుక్కపిల్లలా ఒక్క కూత పెట్టి ఊపిరి అందుకుంది. నేనూ తవ్వాను. తవ్వుతున్నంతసేపూ తల ఎత్తలేదు, మిగిలిన ఒడ్డు మా మీదికి వంగి చూస్తోందని నాకు తెలుసు. నాయనమ్మ అప్పుడు వేసింది కేక. వాగు ఆ చివర గొర్లు కాసేవాళ్ళు వినేంత కేక. ఆ కేక ఇంతకు ముందెక్కడ దాచిందని నాకు అప్పుడు తోచలేదు. వాళ్ళు ఉరికొచ్చి తవ్వి తీసి, నులకమంచం మీద అక్కను రోడ్డుకు మోసుకుపోయారు. దవాఖానాలో తొడ ఎముక విరిగిందన్నారు.

సాయంత్రం అక్క వాళ్ళ నాన్న వచ్చాడు. చెవుల వెనక బొగ్గు ఇంకా అలాగే ఉంది. దవాఖానాకు పోయి బిడ్డను చూసి, అక్కడినుంచి నేరుగా వాగుకు వచ్చాడు. నాయనమ్మ ఆయన వెనకే నడిచింది, నేను ఆమె వెనక. ఆయన ఒక కట్టె పట్టుకుని, నిలబడి ఉన్న ఒడ్డును అక్కడక్కడా తట్టి చెవి పెట్టి విన్నాడు. సంతలో కుండను తట్టి చూస్తాం చూడండి, అచ్చం అలాగే. తర్వాత తిరిగాడు.

"అవ్వా, పైనుంచి నువ్వేమన్నవ్?"

నాయనమ్మ చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది.

"నవ్వుడేందే? రూఫ్ అని ఒక్క కేకేస్తే నా బిడ్డ ఉరికేది. ఇంట్ల చిన్నప్పటి సంది చెప్పి పెట్టిన. ఉత్తగ పడ్తాంది అన్నా ఉరికేది. నవ్వుతాంది అంటే ఎవలు ఉరుకుతరే, అవ్వా?"

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది, నాయనమ్మకు తిట్లకు బదులు చెప్పడం వచ్చు.

అక్క మంచంలో ఉన్నన్ని నెలలూ నాయనమ్మ రోజూ దడి దాటి పోయేది. జావ కాచి తాగించేది, మంచం మీదే తల దువ్వేది, పెద్దవాళ్ళకే సిగ్గనిపించే పనులన్నీ చేసేది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ వర్షాలకు ముందు కాల్చిన ఆవం విప్పినప్పుడు, తాతయ్య ఒక బాన బయటికి తీశాడు. మెడ దగ్గర వెంట్రుకంత గీత. మేమందరం నాయనమ్మ 'నవ్వింది' అంటుందని చూస్తున్నాం. ఆమె దాన్ని తట్టింది, విన్నది, ఊరంతా వినేంత గొంతుతో 'పగిలింది' అంది. మా అమ్మ చేతిలో చేట జారి కింద పడింది. ఆ తర్వాత చచ్చిపోయేదాకా ఆమె నోట 'నవ్వింది' అన్న మాట రాలేదు. ఎంత ఆధునికమైన మనిషో చూడండి, ఒక్క రోజులో మూఢనమ్మకం వదిలేసింది అంటాడు మా తమ్ముడు. వాడికి అలాగే అర్థమవుతుంది.

నాకు అర్థమైంది చాలా ఆలస్యంగా. ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో, హాస్టల్లో ఒకదాని మీద ఒకటి ఉండే మంచాల్లో కింది మంచం నాది. ఒక మధ్యాహ్నం పైమంచం వైపు చూస్తూ పడుకున్నాను. ఎదురుగా ఒక అమ్మాయి మంచం పక్కన వంగి కూర్చుని పెట్టె సర్దుతోంది. ఎవరో బయటినుంచి కేకేశారు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచి పైమంచం అంచుకు తల కొట్టుకుంది. మంచం అంతా అదిరింది. అందరూ నవ్వారు. నేను మాత్రం లేచి ఆరుబయటకు పోయి ఆకాశం కింద కూర్చున్నాను.

బొరియ నోరు ఇరుకు. ఆ నోట్లో కూర్చున్నది అక్క. కప్పు అంచు ఆమె తల మీదే ఉంది. నాయనమ్మ పైనుంచి 'పడ్తాంది, ఉరుకుండ్రి' అని కేకేసి ఉంటే అక్క ఉలిక్కిపడి నిలువునా లేచేది. తల అంచుకు తగిలేది, ఆ అదురుకు ఒడ్డు అప్పుడే కూలేది. ఆమె బయటపడేదేమో, నేను మాత్రం లోపలే ఉండిపోయేదాన్ని. నేను పడుకున్న చోట ఆ తర్వాత మూడు బండ్ల మొరం ఉంది. నేను బయటికి రావాలంటే నోటి దగ్గర అక్క కదలకుండా, బెదరకుండా, ఏమీ తెలియకుండా కూర్చుని ఉండాలి. అలా జరగాలంటే నాకు తెలిసి ఆమెకు తెలియని మాట ఒకటి కావాలి. అలాంటి మాట మా ఇంట్లో ఉంది.

సెలవులకు ఇంటికి పోయి అడిగాను. నాయనమ్మ అప్పటికి నడుము వంగిపోయింది. వాకిట్లో కూర్చుని ఎండిన మట్టిలోంచి గులకరాళ్ళు ఏరుతోంది. ఆ పొద్దు ఆ మాటే ఎందుకన్నవ్ అని అడిగాను.

"మన్ను కాడ ఏమనాల్నో గదే అన్న."

"అక్కకు గా మాట తెల్వదని నీకు తెల్వదా?"

ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు బయటికొచ్చినవా లేదా?"

"వచ్చిన."

"మరి ఇంకేంది?" అని ఒక రాయి ఏరి దూరంగా విసిరేసింది.

నోరున్నదాన్ని అంటారు కదా నన్ను. ఆ రోజు మాత్రం ఆమె పక్కన కూర్చుని నేనూ రాళ్ళు ఏరాను. భయమేసింది. ఆమె అవునంటే భయం, కాదన్నా భయం. ఇంకో రోజు అడగొచ్చులే అనుకున్నాను. ఇంకో రోజు వచ్చేసరికి ఆమె లేదు.

అక్క ఇప్పుడు కొత్తగూడెంలో ఉంటుంది. కాలు ఈడ్చి నడుస్తుంది, మనవలున్నారు, నవ్వు మాత్రం అలాగే ఉంది. నా లెక్క అంతా ఒకసారి ఆమె ముందు పెట్టాను. ముందు నవ్వేసింది. ముసల్దాని మనసుల ఏముంటే నాకేందే, ఇప్పుడు నా కాలు సక్కగైతదా అంది. టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, నావైపు చూడకుండా మెల్లగా అంది, "నా మనవరాలు లోపట ఉండి, నువ్వు మూతి కాడ కూసుంటే, నేన్గూడ గదే మాట అంటుంటినేమో." నవ్వని అక్క మొహం నేను చూడటం అదే మొదలు. ఆ మొహాన్ని చూసి భయపడ్డంత నేను ఒడ్డు పడ్డప్పుడు కూడా భయపడలేదు.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. చివరికి ఈ వాగు పక్కనే షెడ్డు వేసుకున్నాను. పట్నంలో బస్తాల్లో దొరికే తెల్లమట్టి తెచ్చుకోమని చాలామంది చెప్పారు. నాకు ఈ మట్టే కావాలి. మనిషి భయపడ్డ చోటికే మళ్ళీ మళ్ళీ పోతాడు, పంటి నొప్పి దగ్గరికి నాలుక పోయినట్టు. నేను చేసే జాడీలు పైసగం ఎర్రగా, మొరం గరుకుతో ఉంటాయి. కిందిసగం నల్లగా నున్నగా ఉంటుంది. మూతి కింద ఒక సన్నటి గీత పోనిస్తాను. చెదపుట్ట గోడల్ని చూసి చేసినవి ఉన్నాయి, వర్షం తర్వాత ఒడ్డు మీద వేళ్ళు తేలినట్టు చేసినవి ఉన్నాయి. ప్రదర్శనల్లో వాటి పక్కన 'ప్రకృతి ప్రేరణ' అని చీటీ పెడతారు. ప్రకృతి మిమ్మల్ని ఎలా పిలిచింది మేడమ్ అని అడుగుతారు. ప్రకృతి నన్ను మింగబోయింది నాయనా, పిలిచింది మా నాయనమ్మ అంటాను. సరదాగా అన్నాననుకుని రాసుకుంటారు. బట్టీ చల్లారేటప్పుడు లోపల జాడీల మీది గాజుపూత చిట్లుతూ సన్నగా టింగ్ టింగ్ మంటుంది. నేర్చుకునే పిల్లలు ఆ చప్పుడు సంగీతంలా ఉందని ఫోనుల్లో పట్టుకుంటారు. నేను మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడి కప్పు వైపు చూస్తాను.

నా షెడ్డులో కొన్ని నియమాలున్నాయి. ఒడ్డు కిందికి ఎవరూ దూరకూడదు. మట్టి పైనుంచి మెట్లు మెట్లుగా కోసుకుంటూ రావాలి, నెత్తి మీద ఆకాశం తప్ప ఇంకేమీ ఉండకూడదు. తవ్వేముందు పైన నడిచి గడ్డి విడదీసి చూడాలి. ఏది పగిలినా పగిలింది అనాలి, గట్టిగా అనాలి. ముద్దుమాటలు, ముసుగుమాటలు, మన ఇంటివాళ్ళకే తెలిసే మాటలు ఇక్కడ చెల్లవు. అందుకే నాకు నోటి దురుసు అని పేరు.

మొన్న ఎండాకాలం పట్నం నుంచి ఇద్దరమ్మాయిలు నేర్చుకోవడానికి వచ్చారు. చెప్పినదంతా తలూపి విన్నారు. మధ్యాహ్నం నేను ఒడ్డు పైన నడుస్తూ గడ్డిలో చూశాను. వెంట్రుకంత గీత. కొత్తది, అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. కిందికి తొంగి చూస్తే, నీడ ఉంది కదా అని ఇద్దరూ సరిగ్గా దాని కిందే కూర్చుని డబ్బాలు విప్పుకుని అన్నం తింటున్నారు. నా అడుగులు ఆగిపోయాయి. నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా నేను అనని మాట, నా షెడ్డులో నిషేధించిన మాట, పాలు తాగే పిల్లను జోకొట్టే గొంతుతో సహా నా నాలుక చివరికి వచ్చి నిలబడింది. నవ్వుతాంది. దాన్ని మింగడానికి నాకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నేను చెప్పలేను. మింగి, కేకేశాను. "పగిలింది! పడుతుంది! ఉరకండి!"

ఉరికారు. డబ్బాలు అక్కడే వదిలేశారు. ఒకమ్మాయి ఏడ్చింది, కొంచెం మెల్లగా చెప్పొచ్చు కదా మేడమ్ అంది. మెల్లగా చెప్పడం గురించి నాకు చెప్పకు అన్నాను. ఒడ్డు పడలేదు. ఆ వర్షాలకు కూడా పడలేదు. ఇంకా అలాగే గీత వేసుకుని నిలబడి ఉంది. రోజూ పొద్దున పోయి చూసి వస్తాను.

గెలిచానని ఆ రోజు అనుకున్నాను. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే తెలిసింది, నేను గెలవలేదు. ఆ ఇద్దరిలో ఎవరూ నా కడుపున పుట్టినవాళ్ళు కాదు. కేకేయడం నాకు సులువు. ఒకరు లోపల, ఒకరు నోటి దగ్గర, లోపలున్నది నా బిడ్డ అయితే, ఆ నాలుక చివర నిలబడ్డ మాటను నేను మింగేదాన్నా?

అందుకే నాయనమ్మా, ఇది నీతో వాదించడానికి కాదు. నీ చేతి జావ తాగిన అక్క కోసం, నీ మాటతో బతికిన నా కోసం అడుగుతున్నాను. ఆ పొద్దు ఒడ్డు మీద నిలబడి ఆ మాట అన్నది నీ అలవాటా, నువ్వా?